షిరతమాకో: ఖర్చంతా పిండికే పెట్టండి

టోక్యోలో, నిషికసాయ్‌లో మేముండే వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో బియ్యప్పిండే నాలుగు రకాలుగా అమ్ముతారు. జోషింకో, మోచికో, దాంగోకో, షిరతమాకో. వాటిలో అన్నిటికన్నా చిన్న సంచి, అన్నిటికన్నా ఎక్కువ ధర షిరతమాకోదే. నేను తెచ్చుకున్నది 150 గ్రాములు, మూడు వందల యెన్ల పైచిలుకు. పక్కనే జోషింకో పెద్ద సంచి అంతకన్నా చవకగా దొరుకుతుంది. ఉడికించిన తెల్లటి ఉండలే కదా, ఏ పిండైతే ఏమిటి అని చేయి అటు చాచేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. షిరతమాకోతో చేసే ఆ ఉండలనే షిరతమా దాంగో అంటారు, వాటిలో పిండి, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండవు. పొదుపు చేయాలనిపిస్తే పైన పోసే పాకంలో చేయండి.

జోషింకో మామూలు అన్నం బియ్యంతో చేసే పిండి. మోచికో, షిరతమాకో రెండూ జిగురు బియ్యానివే అయినా చేసే పద్ధతి వేరు. మోచికోకు బియ్యాన్ని కడిగి ఆరబెట్టి మర పడతారు. షిరతమాకోకు నానబెట్టి, నీళ్లతోనే రుబ్బి, ఆ పాలను వడగట్టి, అడుగున పేరుకున్న ముద్దలోని నీటిని పిండేసి ఎండబెడతారు. పూర్వం ఇది చలికాలపు పని. అరిసెలకు తడి బియ్యాన్నే ఎందుకు దంచుతామో తెలిసినవాళ్లకు ఈ శ్రమ దేనికో విడమరచి చెప్పనక్కరలేదు.

సంచి విప్పితే మెత్తటి పొడి కనిపించదు, ముతక పలుకులు కనిపిస్తాయి. మా అత్తయ్య చేతిలోకి తీసుకుని, “ఇది పిండా, నూకలా అమ్మాయీ? జల్లించకుండానే అమ్మేశారు” అన్నారు. దీన్ని జల్లించకూడదు, మిక్సీలో వేయకూడదు. నీళ్లు తగలగానే ఆ పలుకులు వేళ్ల కింద వాటంతటవే కరిగిపోతాయి. నాకైతే ఈ వంటలో అన్నిటికన్నా నచ్చే ఘట్టం అదే.

100 గ్రాముల పిండికి దాదాపు 90 మిల్లీలీటర్ల చన్నీళ్లు పడతాయి. ఒక్కసారిగా గుమ్మరించవద్దు. ముందు ముప్పావు వంతు పోసి, పలుకులు మొత్తం విరిగాక మిగతాది చెంచాతో చేర్చండి. ముద్ద చెవితమ్మెంత మెత్తగా ఉండాలంటారు జపాన్‌వాళ్లు, ఇంతకన్నా మంచి కొలత నాకు ఏ వంటల పుస్తకంలోనూ కనిపించలేదు. చిన్న ఉండలు చేసి మధ్యలో వేలితో నొక్కండి, లోపలి దాకా సమంగా ఉడుకుతాయి, ఆ గుంటలో పాకం కూడా నిలుస్తుంది. మరిగే నీటిలో వేశాక పైకి తేలుతాయి. తేలగానే తీసేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఉంచి, ఐసు నీళ్లలో వేస్తే సరి. ఆవిరి పట్టడం లేదు, దంచడం లేదు. పాకం కాగేలోగా పని అయిపోతుంది.

ఇక రుచి అంటారా, ఉండకు రుచే లేదు! అత్తయ్య మొదటిది నోట్లో వేసుకుని, “కాస్త ఉప్పయినా వేయరా?” అని అడిగారు. వేయరు. ఇక్కడ డబ్బు పోసి కొనేది పంటికి తగిలే ఆ నునుపునే. కొరికితే సాగుతుంది, అంతలోనే తెగుతుంది, పళ్లకు అంటుకోదు. తీపంతా పైనుంచి వస్తుంది. వేయించిన సోయా పిండి కినాకోలో చక్కెర, చిటికెడు ఉప్పు కలిపి చల్లి, దాని మీద నల్లచక్కెర పాకం కురోమిత్సు పోస్తారు. కురోమిత్సు లేకపోతే ముదురు రంగు బెల్లం పాకం బాగానే ఒదుగుతుంది. యాలకులు, నెయ్యి మాత్రం వేయకండి, కినాకో వాసన చచ్చిపోతుంది.

పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు చిన్న ముక్కలుగా కోసి పెట్టండి. కొత్త సంవత్సరం రోజుల్లో మోచి (జిగురు అన్నాన్ని దంచి చేసే ముద్ద) గొంతుకు అడ్డం పడుతుందని జపాన్‌లో ఏటా హెచ్చరిస్తూనే ఉంటారు, ఇవీ ఆ జాతివే.

లోపాలు లేకపోలేదు. సంచికి జిప్ లేదు, మిగిలిన పిండిని డబ్బాలోకి మార్చుకోవాల్సిందే. వెనక ముద్రించిన పద్ధతి జపనీస్‌లోనే ఉంది, అందులోనూ పండ్ల ముక్కలతో కలిపేది ఒక్కటే ఇచ్చారు. ఉండలను ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి గట్టిపడతాయి, అది పిండి తప్పు కాదు, అన్నం గట్టిపడే కారణమే. దానికి ఇక్కడివాళ్ల ఉపాయం ఒకటుంది: నీళ్లకు బదులు మెత్తటి టోఫుతో కలపడం. మర్నాటికీ మెత్తగానే ఉన్నాయి. లీలగా సోయా వాసన వస్తుంది కానీ కినాకో చల్లాక ఎవరికీ తెలియదు.

పుల్లలకు గుచ్చి కాల్చి, సోయా సాస్ పాకం పూసే మితరాషి దాంగోకైతే షిరతమాకో దండగ. అక్కడ కాస్త గట్టిదనం కావాలి, చవకైన జోషింకోనే మేలు.

హైదరాబాద్ నుంచి మా చెల్లెలు ఇంట్లోని బియ్యప్పిండితో చేయవచ్చా అని అడిగింది. కుదరదు. మన సాంబ మసూరిలో అమైలోజ్ అనే పిండిపదార్థం తగినంత ఉంటుంది, అందుకే అన్నం పొడిపొడిగా వస్తుంది. జిగురు బియ్యంలో అది దాదాపు ఉండదు, ఆ సాగుడంతా అది లేకపోవడం వల్లే. షిరతమాకో దొరకనిచోట థాయ్ జిగురు బియ్యప్పిండి వాడుకోవచ్చు. ఉండ ఇంత నునుపుగా రాదు, నీళ్ల కొలతా మారుతుంది కాబట్టి చెంచా చెంచాగా పోసుకోవాలి.