ఓపెన్ మైకా, పొయెట్రీ స్లామా?

కవితను గొంతుతో వినిపించాలనుకునే కొత్తవారి ముందున్న దారులు రెండు: ఎవరైనా వేదికెక్కి వినిపించగల ఓపెన్ మైక్, కవితలకు మార్కులు వేసే పోటీ అయిన పొయెట్రీ స్లామ్.

ఖర్చు: రెండింటికీ పెద్దగా ఉండదు.

శ్రమ: ఓపెన్ మైక్‌లో పేరు రాయించుకుంటే చాలు, కాగితం చూసి చదివినా తప్పులేదు. స్లామ్‌లో మూడు నిమిషాలే గడువు. మరో పది సెకన్లు దాటితే మార్కుల్లో కోత. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా సాధన చేయాలి.

రిస్కు: ఓపెన్ మైక్‌లో ఓటమి లేదు, లోపం చెప్పేవారూ తక్కువే. స్లామ్‌లో ప్రేక్షకుల్లోంచే ఐదుగురు పదికి మార్కులు వేస్తారు; అత్యధికం, అత్యల్పం తీసేసి మిగతా మూడూ కలుపుతారు. 1980లలో షికాగోలో మార్క్ స్మిత్ అనే కవి మొదలుపెట్టిన పోటీ ఇది. మెల్లగా పలికే మంచి కవిత ఇందులో వెనకబడితే నాకు బాధేస్తుంది.

చేతిలో కాగితం ఇంకా వణుకుతుంటే హైదరాబాద్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్ లాంటి చోట ఓపెన్ మైక్. మూడు కవితలు కంఠతా వచ్చి, మార్కులకు కుంగిపోని గుండె ఉంటే స్లామ్.