చలిగాలిలో సైకిల్ గ్రూప్ రైడ్: చేవెళ్ల వైపా, భువనగిరి వైపా?

డిసెంబర్, జనవరిల్లో హైదరాబాద్‌లో పొద్దున గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచే వీస్తుంది, రూట్ దాన్ని బట్టే పెట్టుకోవాలి.

పడమరన ఉన్న చేవెళ్ల వైపు పోతే గాలి వెనక నుంచి తోస్తుంది, చలి పెద్దగా తెలీదు, రోడ్డు పక్కన ఆ మర్రిచెట్లు చూస్తూ తొక్కడం ఎంత బాగుంటుందో! కానీ తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి మొహం మీద కొడుతుంది, అప్పటికే కాళ్లు అలిసిపోయి ఉంటాయి, చెమటకి తడిసిన జెర్సీకి గాలి తగిలితే వణుకే. గంటకి 25 కి.మీ. స్పీడ్‌లో పోతుంటే 15 కి.మీ. ఎదురుగాలి వచ్చిందనుకోండి, గాలి అడ్డు రెండున్నర రెట్లు పెరుగుతుంది, కొత్తవాళ్లు గ్రూప్ నుంచి జారిపోయేది అక్కడే.

తూర్పున ఉన్న భువనగిరి వైపు అయితే ఎదురుగాలి పోయేటప్పుడే, కష్టం ముందే అయిపోతుంది. ఒకరి వెనక ఒకరు లైన్‌లో పోతూ ముందున్నవాళ్లు రెండు మూడు నిమిషాలకోసారి మారితే వెనకున్నవాళ్లకి చాలా శక్తి మిగులుతుంది. గ్లౌజులు, విండ్‌షీటర్ మాత్రం తప్పనిసరి. లారీలు ఎక్కువ, అదొక్కటే నాకు భయం.

కొత్తవాళ్లు ఉంటే నా ఓటు భువనగిరికే, వచ్చేటప్పుడు అందరూ కలిసే వస్తారు. అందరూ బాగా తొక్కేవాళ్లే అయితే చేవెళ్ల పెట్టుకోండి, రిటర్న్‌కి ఒక పొడి బనియన్ జేబులో ఉంచుకోండి.