పాత పింగాణీకి విలువ కట్టే ఫ్రేజర్ టౌన్ దుకాణం

బెంగళూరు కంటోన్మెంటులోని పాత ఇళ్ళలోనూ, కోలార్ బంగారు గనుల్లో ఉద్యోగాలు చేసి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఇంగ్లండు, జపాన్ డిన్నర్ సెట్లు ఇప్పటికీ బీరువాల్లో ఉన్నాయి. మా అమ్మమ్మగారి సెట్టును అక్కచెల్లెళ్ళం పంచుకోవలసి వచ్చినప్పుడు, అది ఎప్పటిదో, ఎంత విలువ చేస్తుందో రాతపూర్వకంగా చెప్పించుకోవడానికి ఫ్రేజర్ టౌన్‌లోని ఒక చిన్న పాతవస్తువుల దుకాణానికి వెళ్ళాం. గుర్తింపు విషయంలో ఆ దుకాణం పనితనం మెచ్చుకోదగినది. విలువ కట్టడంలో మాత్రం కొన్ని లోపాలున్నాయి.

దుకాణదారు ముందుగా ప్రతి పళ్ళేన్నీ బోర్లించి అడుగున ఉన్న ముద్రను భూతద్దంతో చూశారు. మా సెట్టు జపాన్ పింగాణీ సంస్థ నోరిటాకే వారిది. ఆకుల దండ నడుమ ఆ సంస్థ స్థాపకులైన మోరిమురా కుటుంబం పేరును సూచించే ఎం అనే రోమన్ అక్షరం ఉంది కనుక అది 1953కు ముందుదని, ఆ ఏడాది నుంచి దాని స్థానంలో ఎన్ వచ్చిందని వివరించారు. తయారైన దేశం పేరు సరుకుపై ఉండాలన్న అమెరికా చట్టం 1891లో అమలుకు రావడంతో జపాన్ సరుకుపై మొదట ఆ దేశానికి జపనీయ భాషలో ఉన్న పేరు నిప్పన్ అనీ, 1921 తర్వాత జపాన్ అనీ వేశారు. మా పళ్ళేలపై జపాన్ అనే ఉంది. అయితే ఆ చట్టం అమెరికాకు వెళ్ళే సరుకుకే వర్తించేది కాబట్టి, మన దేశానికి వచ్చిన వస్తువు విషయంలో దీన్ని బలమైన ఆధారంగా తీసుకోవచ్చు గాని తిరుగులేని రుజువుగా తీసుకోకూడదని ఆయనే హెచ్చరించారు. ఈ జాగ్రత్త నాకు ఎంతో నచ్చింది. ముద్రలో కనిపించే ప్రతి సంవత్సరమూ తయారీ సంవత్సరం కాదన్నది కూడా అక్కడే స్పష్టమైంది. ఇంగ్లండు సంస్థ రాయల్ ఆల్బర్ట్ వారి ఓల్డ్ కంట్రీ రోజెస్ అనే నమూనా కప్పుల అడుగున ఉండే 1962 ఆ నమూనా విడుదలైన ఏడాది మాత్రమే; అదే నమూనాను ఆ తర్వాత దశాబ్దాల పాటు చేశారు.

ముద్ర తర్వాత వస్తువు పరిస్థితిని చూశారు. కుండ కొనేటప్పుడు మొట్టి చూసినట్టు పళ్ళెం అంచును వేలితో తట్టి, మోగితే పక్కన పెట్టి, మొద్దుగా పలికితే వెంట్రుకవాసి పగులు కోసం దీపం ముందు పట్టి వెతికారు. అతికి రంగు వేసిన చోట్లను అతినీలలోహిత దీపం కింద చూపించారు. బంగారు పూత అరుగుదల, అంచు పెచ్చులు, గాజులాంటి పైపూత అయిన గ్లేజులోని సన్నని నెర్రెలు అన్నీ విడివిడిగా నమోదు చేశారు.

వస్తువుకింతని ముందే చెప్పిన రుసుమునే తీసుకున్నారు. విలువలో శాతం అడగకపోవడం మంచి పద్ధతి, ఎందుకంటే శాతం తీసుకునేవారికి ధర పెంచి చెప్పాలన్న ఆశ ఉంటుంది. తాను కొనే ధర, దుకాణంలో అమ్మే ధర, పగిలితే అలాంటిదే తెప్పించుకోవడానికయ్యే ఖర్చు అంటూ మూడు అంకెలు వేర్వేరుగా రాసిచ్చారు. ఈ మూడింటికీ తేడా తెలియక అమ్మకందారు అడిగే ధరనే తమ వస్తువు విలువగా భావించేవారు చాలామంది. మూతతో ఉన్న సూప్ పాత్ర, పెద్ద వడ్డన పళ్ళెం మామూలు పళ్ళేల కంటే ఎందుకు ఎక్కువ ధర పలుకుతాయో కూడా ఓపికగా చెప్పారు: సెట్టుకు అవి ఒకటో రెండో ఉంటాయి, ముందుగా పగిలేవీ అవే.

లోపాలకు వస్తే, ఆ అంకెలకు ఆధారమైన అమ్మకాల వివరాలు నివేదికలో లేవు. నిజంగా అమ్ముడుపోయిన ధరలు కొన్నింటినైనా జతచేసి ఉంటే పంపకంలో మాకు మరింత ఉపయోగపడేది. మాతో తెచ్చిన బెంగాల్ పాటరీస్ కప్పులను ఆయన దాదాపు పట్టించుకోలేదు. స్వదేశీ పింగాణీకి ఇక్కడ గిరాకీ తక్కువే కావచ్చు, కాని రుసుము తీసుకున్నప్పుడు వాటినీ అంతే శ్రద్ధగా చూడాలి. అన్నిటికంటే ముఖ్యమైనది సీసం సంగతి. పాత గ్లేజుల్లోనూ, గ్లేజుపై వేసిన రంగుల్లోనూ సీసం ఉండే అవకాశముంది. నెర్రెలిచ్చిన పాత్రలో పులుసు, చారు, పెరుగు వంటి పుల్లని పదార్థాలు ఉంచితే అది ఆహారంలోకి దిగవచ్చు. మేము అడిగేదాకా ఆయన ఆ మాట ఎత్తలేదు, పరీక్షించే ఏర్పాటూ అక్కడ లేదు. వారసత్వ పంపకానికో, బీమాకో గుర్తింపు కావలసినవారు ఈ దుకాణానికి నిస్సంకోచంగా వెళ్ళవచ్చు. ఆ పళ్ళేల్లో భోజనం చేయదలచినవారు మాత్రం సీసం పరీక్షను ప్రయోగశాలలో వేరుగా చేయించుకోవాలి.