పండుగప్ప తోలు పర్సు: ఎనిమిది నెలల వాడకం తర్వాత

పోయిన ఏప్రిల్‌లో శ్రీకాకుళం బజారులో, చెప్పులూ బెల్టులూ స్వయంగా కుట్టి అమ్మే ఒక చిన్న దుకాణంలో, పండుగప్ప చేప తోలుతో చేసిన మడత పర్సు ఒకటి 1,100 రూపాయలకు కొన్నాను. అక్కడే గేదె తోలు పర్సు 600 రూపాయలకు దొరుకుతుంటే దీనికి అంత ఎందుకు పెట్టాలన్న సందేహం నాకూ కలిగింది కాబట్టి, దాని మంచిచెడ్డలను కాస్త వివరంగానే రాస్తున్నాను.

తోలును దుకాణదారే పదును చేస్తారు. పండుగప్పను ముళ్లు తీసి ముక్కలుగా కోసే యూనిట్ల నుంచి చర్మాలను ఉప్పు పట్టించి తెప్పించుకుంటారు. అంటుకుని ఉన్న కండను మొద్దు కత్తితో గీకి, సున్నపు నీటిలో నానబెట్టి, పొలుసులు ఊడదీసి, సున్నమంతా పోయేదాకా కడిగి, కొవ్వు తీసి, ఆ తర్వాత కరక్కాయ, తుమ్మచెక్క కషాయంలో ఊరబెడతారు. కషాయం మొదట పలుచగా ఉండాలి, రోజులు గడిచేకొద్దీ చిక్కబడాలి. మొదటి రోజే చిక్కటి దానిలో వేస్తే పైపొర బిగిసిపోయి రసం లోపలికి దిగదు. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఆవు, గేదె తోళ్లు పచ్చిగా ఉన్నప్పుడు సుమారు 60 డిగ్రీల వేడి దాటితే గాని ముడుచుకోవు, చేప చర్మం అంతకంటే తక్కువ వేడికే ముడుచుకుని జిగురుగా మారుతుంది. అందుకే ఎండాకాలంలో తొట్టి పనంతా తెల్లవారకముందే ముగించుకుంటానని ఆయన చెప్పారు.

పర్సు అందం చూసి తీరవలసిందే. పొలుసులు పోయినా అవి కూర్చున్న గూళ్లు మిగిలి, అర్ధచంద్రాకారపు చిన్న చిన్న రెక్కలుగా ఒకదానిపై ఒకటి వాలి ఉంటాయి. తల వైపు నుంచి తోక వైపుకు వేలు నడిపితే నున్నగా జారుతుంది, ఎదురు నడిపితే గోటికి తగులుతుంది. చేప పక్కన నిలువునా సాగే గీత కూడా పర్సు మడతకు అడ్డంగా సన్నగా కనిపిస్తుంది. అచ్చు గుద్దిన నకిలీ తోలులో గూళ్లన్నీ ఒకే కొలతలో ఉంటాయి, అసలు తోలులో తోక దగ్గరకు వచ్చేసరికి చిన్నవవుతాయి. కొనేవారు ముందుగా చూసుకోవలసిన గుర్తు ఇదే.

ఇంత పలుచని తోలు చిరిగిపోతుందేమోనన్న భయం నాకు ఉండేది, ఇప్పుడు లేదు. చేప చర్మంలోని పోగులు పొరలు పొరలుగా, ఒక పొర ఒక వైపుకూ దాని మీది పొర మరొక వైపుకూ ఏటవాలుగా, నులక మంచం అల్లికలాగా సాగుతాయి. పర్సు మడత దగ్గర ఇప్పటికీ ఒక్క పగులు లేదు.

అయితే జూలైలో ముసురు పట్టిన వారం రోజులకు పర్సు నుంచి నీచు వాసన రావడం మొదలైంది. కొవ్వు పూర్తిగా తీయకపోతే అది తోలులోనే ఉండి, గాలిలో తేమ పెరిగినప్పుడు ముక్కిపోతుంది. సరిగా పదునైన చేప తోలుకు తోలు వాసన తప్ప మరే వాసనా ఉండకూడదు. కొన్నప్పుడే దుకాణదారు "వాసనొస్తే తెచ్చీండి బాబూ, ఇంకోటి ఇచ్చీస్తాను" అని ఉన్నారు. ఆ మాట తప్పకుండా, పైసా అడగకుండా కొత్తది ఇచ్చారు. ఈ రెండవ పర్సు అక్టోబరు వానల్లో రెండుసార్లు బాగా తడిసినా, నీడన ఆరబెట్టిన తర్వాత ఏ వాసనా రాలేదు.

దీనికి వచ్చిన లోపం వేరు. గుండీ ఇనుముది కావడంతో, తడిసిన మరునాటికి దాని చుట్టూ అర్ధరూపాయి బిళ్లంత నల్లటి మచ్చ ఏర్పడింది. కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణాన్ని కలిపి పూర్వం సిరా చేసుకునేవారు. ఇక్కడ జరిగిందీ అదే, తోలులోని కరక్కాయ రసానికి ఇనుము తగిలి సిరా అయింది. ఆ మచ్చ ఇంకా అలాగే ఉంది. ఇంత శ్రమపడి పదును చేసిన తోలుకు నాలుగు రూపాయల ఇనుప గుండీ వేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

చెప్పుల విషయానికి వస్తే, పట్టీలకు ఈ తోలు పనికివస్తుంది గాని, కింద గేదె తోలు అతికించి కుడితేనే కొనండి. విక్టోరియా సరస్సులోని నైల్ పెర్చ్ మన పండుగప్పకు దగ్గరి చుట్టం, కెన్యాలో దాని తోలుతో బూట్లు కూడా చేస్తున్నారు కనుక తోలు సత్తువను అనుమానించవలసిన పని లేదు. అయినా ఇక్కడ నేను చూసిన జతలో పట్టీ ఒంటి పొరగానే ఉంది, కుట్టు రంధ్రాలు అప్పటికే సాగి ఉన్నాయి.

పర్సు వరకైతే 1,100 రూపాయలు ఎక్కువ కాదని నా అభిప్రాయం. మొన్న మళ్లీ వెళ్లి, ఇత్తడి గుండీ వేస్తే మరో 50 రూపాయలు ఇస్తానని చెప్పి, మా నాన్నగారి కళ్లజోడుకు ఇదే తోలుతో ఒక సంచి కుట్టమని కొలతలు ఇచ్చి వచ్చాను.