జావా థ్రెడ్‌పూల్ ఎగ్జిక్యూటర్: చాలా ఏళ్లు వాడాక నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను, 5కి 4. పోయిన ఆ ఒక్క స్టారు గురించే ఎక్కువ రాస్తున్నా, ఎందుకంటే మేం దెబ్బ తిన్నది అక్కడే.

జావాలో థ్రెడ్ పూల్ (ఒకేసారి పక్కపక్కన పనులు చేసే థ్రెడ్లని మళ్లీ మళ్లీ వాడుకునే గుంపు) కావాలంటే చాలామంది ఎగ్జిక్యూటర్స్ క్లాసులోంచి న్యూఫిక్స్‌డ్‌థ్రెడ్‌పూల్ అని ఒక్క లైను రాసి వదిలేస్తారు. నేనూ ఏళ్ల తరబడి అంతే. దాని వెనక అసలు పని చేసేది థ్రెడ్‌పూల్ ఎగ్జిక్యూటర్, డగ్ లీ నడిపించిన జేఎస్‌ఆర్ 166 (జావాలో కొత్తవి చేర్చే ప్రతిపాదన) ద్వారా 2004లో జావా 5తో వచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా గట్టిగా నిలబడింది. ప్రతి పనికీ కొత్త థ్రెడ్ పుట్టించి చంపే బాధ లేదు, ఏదైనా థ్రెడ్ ఎక్సెప్షన్‌తో (నడుస్తుండగా వచ్చే తప్పుతో) మధ్యలో పోయినా దాని చోట ఇంకోదాన్ని అదే పెట్టుకుంటుంది. ఇందులో నాకు వంక పెట్టడానికేమీ లేదు.

వంకంతా క్యూ (పనులు వంతు కోసం ఆగే వరస) దగ్గర. కోర్ సైజు (మామూలుగా ఉండే థ్రెడ్లు) 10, మాక్సిమమ్ 50 అని ఇస్తే, పది థ్రెడ్లూ బిజీ అవగానే పదకొండోది వస్తుందనే ఎవరైనా అనుకుంటారు, కానీ అలా జరగదు. పది నిండాక వచ్చిన పనులు క్యూలో కూర్చుంటాయి, ఆ క్యూ కూడా నిండితేనే పదకొండో థ్రెడ్ పుడుతుంది. పెళ్లి భోజనాల్లో వడ్డనకి పదిమందిని పెట్టుకుని, అవసరమైతే ఇంకో నలభైమందిని పిలుద్దాం అనుకున్నామనుకోండి, బయట వేసిన కుర్చీలన్నీ నిండేదాకా పిలవకూడదన్నది ఇక్కడి రూలు. మరి కుర్చీలకి అంతే లేకపోతే? న్యూఫిక్స్‌డ్‌థ్రెడ్‌పూల్ వాడే లింక్డ్‌బ్లాకింగ్‌క్యూ అలాంటిదే, దాని హద్దు 2147483647, అంటే లేనట్టే.

మా టీమ్‌లో ఇన్వాయిస్ పీడీఎఫ్‌లు తయారుచేసే సర్వీసు ఒకటి ఉంది. ఒక నెలాఖరు రాత్రి డేటాబేస్ నెమ్మదించింది, మా 20 థ్రెడ్లూ దాని జవాబు కోసం ఎదురుచూస్తూ ఆగిపోయాయి, వెనక పనులు మాత్రం వచ్చి పడుతూనే ఉన్నాయి. సీపీయూ గ్రాఫ్ చూస్తే చల్లగా ఉంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, అందుకే గంటల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి మెమరీ అయిపోయి సర్వీసు పడిపోయింది. రీస్టార్ట్ చేశాం, కానీ క్యూ ఉండేది మెమరీలోనే కదా, అందులో ఉన్నవన్నీ పోయాయి. ఏ ఇన్వాయిస్ తయారైంది, ఏది కాలేదు అని తెల్లారేదాకా ఒక్కొక్కటీ పోల్చి చూసుకున్న ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి ఆ షార్ట్‌కట్ మానేసి కన్‌స్ట్రక్టర్‌తో పూల్‌ని నేరుగా నేనే తయారుచేస్తున్నా: 500 పనుల హద్దున్న అర్రేబ్లాకింగ్‌క్యూ, ఇక పట్టని పనిని ఏం చేయాలో చెప్పే కాలర్‌రన్స్‌పాలసీ. క్యూ నిండి, థ్రెడ్లు కూడా మాక్సిమమ్‌కి చేరితే పని ఇచ్చిన థ్రెడే ఆ పని చేసుకోవాలి, దాంతో అది కొత్త పనులు తేవడం తనంతట తానే తగ్గిస్తుంది. మా బ్యాచ్ పనికి ఇది సరిగ్గా సరిపోయింది. అదే నెట్‌వర్క్ రిక్వెస్టులు అందుకునే థ్రెడ్ మీద ఇది పెడితే మొత్తం సర్వరే ఆగిపోతుంది, అక్కడ ఎక్సెప్షన్ విసిరే డిఫాల్ట్ అబార్ట్‌పాలసీయే మేలు. డిస్కార్డ్‌పాలసీ పనిని చప్పుడు లేకుండా పారేస్తుంది కాబట్టి డబ్బు లెక్కల దగ్గరికి దాన్ని రానివ్వొద్దు.

ఇంకో సంగతి, సబ్మిట్‌తో ఇచ్చిన పనిలో ఎక్సెప్షన్ వస్తే అది ఫ్యూచర్‌లో (సబ్మిట్ తిరిగిచ్చే, జవాబు దాచుకునే ఆబ్జెక్ట్‌లో) దాక్కుంటుంది, మీరు గెట్ పిలవకపోతే ఎప్పటికీ కనపడదు. జవాబు అక్కర్లేని పనికి ఎగ్జిక్యూట్ వాడండి. అలాగే పూల్‌లో నడుస్తున్న పని అదే పూల్‌కి ఇంకో పని ఇచ్చి దానికోసం ఎదురుచూస్తే, థ్రెడ్లన్నీ అలాగే చిక్కుకుని మొత్తం ఆగిపోవచ్చు. థ్రెడ్లకి పేర్లు కూడా పెట్టుకోండి, పూల్-1-థ్రెడ్-7 అని థ్రెడ్ డంప్‌లో (ఏ థ్రెడ్ ఏం చేస్తోందో చూపే జాబితాలో) కనిపిస్తే అది ఎవరిదో ఎలా తెలుస్తుంది?

సైజు ఎంత పెట్టాలని జూనియర్లు తరచూ అడుగుతుంటారు. లెక్కలు చేసే పనైతే సీపీయూ కోర్లు ఎన్నో దాదాపు అన్ని థ్రెడ్లు చాలు. ఎదురుచూపు ఉన్న పనైతే ఎదురుచూసే సమయాన్ని లెక్క చేసే సమయంతో భాగించి, ఒకటి కలిపి, కోర్లతో గుణించాలి. 8 కోర్లు, 90 మిల్లీసెకన్ల ఎదురుచూపు, 10 మిల్లీసెకన్ల పని అయితే 80 వస్తుంది. కానీ డేటాబేస్ కనెక్షన్లు 20 మాత్రమే ఉంటే మిగతా 60 థ్రెడ్లు కనెక్షన్ కోసం నిలబడటానికే, కాబట్టి ముందు అది చూసుకోండి.

2023లో జావా 21తో వర్చువల్ థ్రెడ్లు (లక్షల్లో పెట్టుకోగల తేలికపాటి థ్రెడ్లు) వచ్చాక ఇంకా ఇదెందుకు అంటారా? ఎదురుచూపే ఎక్కువున్న కొత్త కోడ్‌కి అవే వాడండి, వాటిని పూల్ చేయక్కర్లేదు, హద్దు కావాలంటే సెమఫోర్ (ఒకేసారి ఇన్నే నడవాలని ఆపే సాధనం) పెట్టుకోవచ్చు. సీపీయూని నమిలే పనులకి మాత్రం నా ఓటు ఇప్పటికీ ఈ పాత పూల్‌కే.

మా సర్వీసులో ఇప్పుడు క్యూ సైజు 400 దాటితే ఫోన్‌కి అలర్ట్ వస్తుంది. పోయిన నెలాఖరున ఒకసారి మోగింది, పది నిమిషాల్లో క్యూ తగ్గిపోయింది, ఒక్క ఇన్వాయిస్ కూడా పోలేదు.