వర్డ్ బొత్తాలా, మార్క్‌డౌన్ గుర్తులా: తెలుగు రాతకి ఏది మేలు?

మలక్‌పేటలో ఉండే మా పెదనాన్న రిటైరైన తెలుగు మాస్టారు. పాత హైదరాబాద్ గురించి వ్యాసాలు రాసి పంపుతుంటారు, వాటిని సాపు చేసి పెట్టడం నా పని. మొన్నటిదాకా వర్డ్‌లో పంపేవారు. ఈ మధ్యే మార్క్‌డౌన్‌కి, అంటే ఉత్త అక్షరాల మధ్యే గుర్తులు పెట్టి రాసే పద్ధతికి, మార్పించాను. నేను తిన్న తిట్లు, నాకు తగ్గిన చాకిరీ రెండూ లెక్కేసి చెబుతున్నాను.

వర్డ్‌లో సుఖం కంటికి కనబడుతుంది. మాట సెలెక్ట్ చేసి బొత్తాం నొక్కితే అక్షరాలు లావవుతాయి, నేర్చుకోవడానికి ఏమీ లేదు. చిక్కల్లా ఆ కనబడేదాంతోనే. పెదనాన్న శీర్షిక పెట్టాలంటే అక్షరాలు లావు చేసి, సైజు 18 చేసి, స్పేస్‌బార్ కొట్టుకుంటూ మధ్యకి నెడతారు. మనకది శీర్షికే. కంప్యూటర్‌కి మాత్రం లావుపాటి మామూలు లైను. వేరేచోట పేస్ట్ చేస్తే ఆ ఖాళీలు, రంగులు, ఫాంట్లు అన్నీ వెంటబడి వస్తాయి. వాటిని ఏరడానికే నాకు గంట పట్టేది.

మార్క్‌డౌన్‌ని 2004లో జాన్ గ్రూబర్ తెచ్చాడు, అందులో ఆరన్ స్వార్ట్జ్ సాయం కూడా ఉంది. ఈమెయిళ్లలో జనం అప్పటికే వాడుతున్న గుర్తులకే ఒక పద్ధతి పెట్టారు. లైను ముందు # పెడితే శీర్షిక, > పెడితే ఇంకొకరి మాట, - పెడితే జాబితా. మాటకి అటూ ఇటూ రెండేసి స్టార్లు పెడితే లావు. ఫైలంతా ఉత్త అక్షరాలే కాబట్టి నోట్‌ప్యాడ్‌లోనూ తెరుచుకుంటుంది. నాకు ఇదే పెద్ద సంగతి. పెదనాన్న ఎప్పుడో డీటీపీ చేయించిన వ్యాసాలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకటే అయిన అక్షర సంకేతాలు) కాని ఫాంటులో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా గజిబిజి గుర్తులు, ఒక్క తెలుగు అక్షరం ఉండదు.

హెచ్‌టీఎమ్‌ఎల్ నేర్పుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. వెబ్ పేజీల కోసం వాడే ఆ భాషలో, లావు ఎక్కడ ఆగాలో చెప్పే ముగింపు ట్యాగ్ ఒకటి మరిచిపోతే ఆ కిందిదంతా లావైపోతుంది. ఆ ఫోన్లు ఎత్తే ఓపిక నాకు లేదు.

మార్క్‌డౌన్‌తోనూ ఫోన్లు వచ్చాయి. మొదటిది వాట్సాప్ అలవాటు వల్ల. అక్కడ ఒక్క స్టార్ పెడితే లావు, ఇక్కడ ఒక్క స్టార్‌కి అక్షరాలు పక్కకి వాలతాయి. తెలుగు అచ్చులో వాలు అక్షరాల సంప్రదాయమే లేదు, చూస్తే గాలికి ఒరిగిన గోడలా ఉంటుంది. రెండోది ఇంకా తమాషా. మూసీ వరదల వ్యాసంలో పేరా మొదట్లో “1908. మూసీ పొంగింది” అని రాశారు. అచ్చయ్యేసరికి “1. మూసీ పొంగింది”! అంకె, చుక్క, ఖాళీ వరసగా కనబడితే మార్క్‌డౌన్‌కి అది జాబితా. చుక్క ముందు \ పెడితే సరిపోతుంది.

“ఏరా, నా పద్యాన్ని వచనం చేశావేంటి?” అన్నది మూడో ఫోన్. ఎంటర్ ఒక్కసారే కొడితే నాలుగు పాదాలూ ఒకే లైనులో కలిసిపోతాయి. ప్రతి పాదం చివర రెండు ఖాళీలు వదలాలి. కంటికి కనబడని ఖాళీలతో పద్యం నిలబెట్టడం ఏమిటని ఆయన వాదన. కాదనలేకపోయాను.

అసలైన తెలుగు తంటా విభక్తులతో. మనం మాటకి “లో”, “కి” అతికించి రాస్తాం కదా. **మూసీ**లో అంటే బాగానే పనిచేస్తుంది. అదే స్టార్ల బదులు అండర్‌స్కోర్లు పెట్టి __మూసీ__లో అంటే గుర్తులు అలాగే బయటపడతాయి. మార్క్‌డౌన్‌కి కచ్చితమైన పద్ధతి పెడుతూ 2014లో వచ్చిన కామన్‌మార్క్ నియమాల ప్రకారం మాటకి అక్షరం అంటుకుని ఉంటే అండర్‌స్కోర్ చెల్లదు. స్టార్ల లోపల కొటేషన్లు పెట్టి, బయట విభక్తి తగిలించినా ఇదే గోల. కొటేషన్లు బయట, స్టార్లు లోపల ఉండాలి. అందుకే అండర్‌స్కోర్ సంగతి పెదనాన్నకి అసలు చెప్పనేలేదు.

అయినా నా ఓటు మార్క్‌డౌన్‌కే. పైన చెప్పిన నాలుగు గుర్తులూ కాగితం మీద రాసి ఆయన మానిటర్‌కి అంటించాను. నాకు గంట పట్టే పని ఇప్పుడు పది నిమిషాల్లో అవుతోంది. పట్టికల దగ్గర మాత్రం వర్డే నయం, నిలువు గీతలతో గళ్లు కట్టడం ఆయన వల్ల కాదు, నాకూ విసుగే. మొన్న కుతుబ్‌షాహీల వంశ పట్టిక పంపుతానంటే, “అదొక్కటి వర్డ్‌లోనే పంపండి పెదనాన్నా” అన్నాను.

“మరి మొన్న దాన్ని అన్ని మాటలన్నావు కదరా!” అన్నారు.