తాబేలు ఇంటి కోసం టక్సన్ దాకా

ముందే చెప్తున్నాను, తాబేలు షెడ్డు కొనాలనుకుంటే కంటితో చూడకుండా ఎవరికీ అడ్వాన్సు కట్టకండి. మా వంద డాలర్లు అలాగే పోయాయి.

మేముండేది అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. కుక్క కావాలని మావాడి గొడవ, కుక్క బొచ్చు పడదని మావారి గొడవ. చివరికి ఇద్దరూ తాబేలు దగ్గర రాజీపడ్డారు. అరిజోనాలో ఎడారి తాబేలుని బయట పట్టుకుని తెచ్చుకోవడం నేరం. కానీ ఎవరో పెంచి వదిలించుకున్నవాటిని రాష్ట్ర వన్యప్రాణి శాఖ దత్తత ఇస్తుంది. మనుషుల దగ్గర పెరిగినవాటిని తిరిగి ఎడారిలో వదలకూడదు, వాటి శ్వాసకోశ జబ్బులు అక్కడున్నవాటికి అంటుకుంటాయి. దత్తతకి అప్లై చేయాలంటే పెరట్లో దానికి చోటు సిద్ధం చేసి ఫోటోలు పంపాలి. ఆ చోటు ఎలా ఉండాలో అక్కడి ఎడారి మ్యూజియంలో చూసొద్దామని ఏప్రిల్ మొదట్లో ఒక శనివారం టక్సన్ బయల్దేరాం. దారిలో షెడ్డు కూడా తీసుకుందామని ప్లాను.

శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అత్తయ్య కూడా కారులో ఉన్నారు. ఇంట్లోకి తాబేలు వస్తే అరిష్టమని ఫోన్లో ఎవరో చుట్టాలంటే, "మా శ్రీకూర్మంలో దేవుడే తాబేలు, గుళ్ళో నక్షత్ర తాబేళ్ళని మేపుతారు, అరిష్టమేటి?" అని ఆవిడే నోరు మూయించారు. (అలాగని ఇండియాలో ఉన్నవాళ్ళు నక్షత్ర తాబేలు తెచ్చుకునేరు. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.)

షాపువాడు ఫోన్లో చెప్పింది, "ఎడారి తాబేలు కోసమే ప్రత్యేకంగా చేసిన షెడ్డు, 389 డాలర్లు" అని. వెళ్ళి చూస్తే నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన చెక్కపెట్టె. ఎక్కడానికి సన్నటి చెక్క వాలు, మూడు వైపులా ఇనప వల, పైన నల్లటి తారు షీటు. తలుపు లోపలి వైపు సగం పీకేసిన స్టిక్కరుంది, దాని మీద రెండు చెవులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అత్తయ్య వంగి చూసి, "ఏటమ్మా, ఇది కుందేళ్ళ గూడు కాదేటి?" అన్నారు. తెలుగు రాకపోయినా షాపువాడికి విషయం అర్థమైనట్టుంది, వెంటనే మాట మార్చి "వెచ్చగా ఉండడానికి హీట్ ల్యాంపు కూడా తీసుకోండి, 60 డాలర్లే" అన్నాడు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊళ్ళో నల్ల షీటు కింద హీట్ ల్యాంపు! అది తాబేలు ఇల్లా, తందూరీ పొయ్యా?

అడ్వాన్సు వెనక్కివ్వమంటే "స్పెషల్ ఆర్డరు, కుదరదు" అన్నాడు. రసీదు మీద ఆ ముక్క ఎక్కడుందో చూపించమన్నాను. గోడ మీద అంటించిన కాగితం చూపించాడు. నేను మేనేజరుని పిలవమనేలోపే మావారు "వంద డాలర్లకి మూడ్ పాడుచేసుకోకు" అని నన్ను బయటికి లాక్కొచ్చారు. తీరా చూస్తే మూడ్ పాడయింది ఆయనకే. టక్సన్ దారిలో వచ్చే పికాచో శిఖరం దాటేదాకా ఒక్క మాట లేదు.

టక్సన్‌లో మోటెల్ 92 డాలర్లు, పన్నులు అదనం. శుభ్రంగానే ఉంది, కాఫీ మాత్రం తాగకండి.

ఆదివారం పొద్దున్నే అరిజోనా-సొనోరా డెజర్ట్ మ్యూజియంకి వెళ్ళాం. ఊరికి పడమరగా, గేట్స్ పాస్ కొండదారి మీదుగా వెళ్ళాలి. పేరుకి మ్యూజియం గానీ చాలా మటుకు ఆరుబయటే. 1952లో మొదలైంది. మా నలుగురి టికెట్లకీ వంద డాలర్లు దాటింది, అయినా నాకు ఒక్క పైసా బాధ అనిపించలేదు. ఎండెక్కకముందే వెళ్ళండి, తాబేలు బయట తిరిగేది అప్పుడే. టక్సన్ వైపువాళ్ళకి తాబేళ్ళని దత్తత ఇచ్చేది కూడా ఈ మ్యూజియమే. అందుకే అక్కడి వాలంటీరు పెద్దావిడ మా ప్రశ్నలకి అంత ఓపిగ్గా జవాబు చెప్పింది.

ఆవిడ చెప్పాక షెడ్డు ఆలోచనే మానుకున్నాం. ఎడారి తాబేలుకి కావలసింది నేలలో బొరియ. ఎండా చలీ రెండూ దాటేది అందులోనే, శీతాకాలమంతా నిద్ర కూడా అందులోనే. సిమెంటు దిమ్మెలతో గోడలు పేర్చి, పైన ప్లైవుడ్ కప్పి, దాని మీద అడుగు మందాన మట్టి పోయాలి. లోపలి నేల గుమ్మం కంటే కొంచెం ఎత్తుగా ఉండాలి, లేకపోతే జూలై వానలకి బొరియలోనే మునిగిపోతుంది. చుట్టూ గోడ రెండడుగులుండాలి, అవతలి వైపు కనిపించకూడదు. కనిపిస్తే అటు వెళ్ళాలని వల మీద ముక్కు రుద్ది రుద్ది పుండు చేసుకుంటుందట. షాపువాడి ఇనప వల గుర్తొచ్చి నాకు మళ్ళీ మండింది.

మావాడు "ఎత్తుకోవచ్చా?" అన్నాడు. కూడదంది. తాబేలు మూత్రాశయంలో నీళ్ళు దాచుకుని ఎండాకాలం నెట్టుకొస్తుంది. ఎత్తితే బెదిరి ఆ నీళ్ళన్నీ వదిలేస్తుంది, ఎండల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఎత్తుకోవడానికి లేని తాబేలెందుకని వాడు కాసేపు అలిగాడు. ఇంతలో అది మా ముందే నాగజెముడు ఆకు అంచు కొరికింది. తల వెనక్కి లాగి, ముంగాలితో ఆకుని తొక్కిపట్టి చీల్చింది. నోటి చుట్టూ పచ్చటి జిగురు. వాడి అలక అక్కడితో సరి.

మధ్యాహ్నం దక్షిణ టక్సన్‌లో ఒక చిన్న మెక్సికన్ హోటల్లో ఆగాం. అత్తయ్య శాకాహారి, ఏం దొరుకుతుందోనని నా టెన్షన్ నాది. వంటామె ఏదో కూర వేసి, అప్పుడే పెనం మీంచి తీసిన మొక్కజొన్న రొట్టెలిచ్చింది. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, కోసిన పచ్చటి ముక్కలు. "బెండకాయా?" అని అత్తయ్య. కాదు, నొపాలెస్, అంటే ముళ్ళు గీకేసిన నాగజెముడు! పొద్దున తాబేలు తిన్నదే. కొంచెం పులుపు, కొంచెం జిగురు. ఆవిడ మూడు రొట్టెలు తిన్నారు. నలుగురికీ కలిపి 41 డాలర్లు. ట్రిప్పంతటిలో ఇంత తృప్తిగా ఖర్చుపెట్టింది ఇంకోటి లేదు.

ఇంటికొచ్చాక సిమెంటు దిమ్మెలకి 64, ప్లైవుడ్‌కి 38, నేలలో గట్టిపడిన సున్నపు పొర పగలగొట్టే మిషను అద్దెకి 75, మొత్తం 177 డాలర్లయింది. నీళ్ళకి ఇంట్లో ఉన్న మట్టి మూకుడే నేల మట్టానికి పాతాం. పడమటి ఎండ గుమ్మంలోకి కొట్టకుండా చూసుకోండి. స్విమ్మింగ్ పూల్ ఉన్నవాళ్ళు ముందు దానికి కంచె వేయాలి, ఎడారి తాబేలుకి ఈత రాదు.

పేచీ అంతా వెనక గోడ వెంట ఉన్న గన్నేరు దగ్గరొచ్చింది. ఫీనిక్స్‌లో ఏ వీధి చూసినా అదే కదా. ఆకు తింటే తాబేలు చస్తుంది, కొట్టేయాలి. రోజూ పూజకి పూలు కోసుకునే అత్తయ్య "విషమని నాకు తెలీదేటి, దాన్ని అటు రానీకండి" అని రెండ్రోజులు ముభావంగా ఉన్నారు. చివరికి గన్నేరు తీసేసి ఒక్కోటి 18 డాలర్లు పెట్టి రెండు మందారాలు నాటాం. పూలు పూజకీ పనికొస్తాయి, తాబేలూ తింటుంది. ఎవరికెన్ని అన్నది తాబేలొచ్చాక వాళ్ళిద్దరూ తేల్చుకుంటారు.